పుంజా, గద్దా

మారెల్ క్రాసింగ్, అలబామా
సెప్టెంబరు, 1968

తమ్ముడు థియోటిస్‌కి,

అమ్మ బాగానే ఉంది. మోకాళ్ళ నొప్పులు నిరుటి కంటే ఎక్కువ, నోరు మాత్రం నిరుటి లాగే ఉంది. పత్తి ఏరడం మొదలైంది. ఇంతవరకే అయితే కార్డు ముక్క చాలు. కవరు అంటించడానికి కారణం వేరే ఉంది.

మొన్న శనివారం టార్వర్ దొర మనింటికొచ్చాడు. ట్రక్కులో కూర్చుని హారన్ కొట్టి పిలవడమే తప్ప ఆ మనిషి మన మెట్టెక్కడం నువ్వు గానీ నేను గానీ ఎన్నడైనా చూశామా? మెట్టెక్కాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అమ్మని "మిసెస్ బ్రాస్‌వెల్" అన్నాడు. మాటలొచ్చినప్పటి నుంచి, నల్ల ఆడవాళ్ళకి గౌరవమెందుకన్నట్టు, "ఆంటీ లుడీ" తప్ప వేరే పిలుపు ఎరగని నోరది. వెనకాల ఇంకెవరైనా వచ్చారేమోనని అమ్మ తిరిగి చూసింది.

అమ్మ ఈసారి అధ్యక్షుడికి ఓటు వేస్తుందని ఆయనకు తెలిసిందట, చాలా సంతోషమట. చదువు రాదని దిగులు పడొద్దన్నాడు. కాగితం మీద కోడిపుంజు బొమ్మ ఉంటుంది, దాని కింద ఒక్క ఇంటూ గీత గీస్తే డెమోక్రాట్లందరికీ ఓటు పడిపోతుంది అన్నాడు. పోతూ పోతూ, "మీవాడు డిట్రాయిట్‌లో వేసేది కూడా ఆ పార్టీకే గదా" అన్నాడు. నువ్వు ఎవరికేస్తావో ఆయనకెలా తెలుసు? మన పోస్టాఫీసు ఆయన కొట్లోనే ఉంది మరి. కిందటిసారి నీ కవరుకి అంచు దగ్గర జిగురు రెండు వరసలుంది. అందుకే ఇది టౌన్‌లో వేయిస్తున్నాను.

ఇటు చర్చి పెద్ద ఎజెల్ మిమ్స్ డీకన్ బుధవారం బుధవారం సభ పెట్టి దీనికి అడ్డంగా చెబుతున్నాడు. ఈ రాష్ట్రంలో పుంజు కింద గీసిన ఓటు డెమోక్రాట్ల తరఫున అధ్యక్ష పదవికి నిలబడ్డ మీ ఉపాధ్యక్షుడికి పోదట. మన పిల్లలు కాలేజీ గడప తొక్కకుండా గుమ్మంలో అడ్డం నిలబడి, ఇప్పుడు అదే పదవికి విడిగా పోటీ చేస్తున్న మాజీ గవర్నరుకి పోతుందట. ఉపాధ్యక్షుడి పేరు మనవాళ్ళు పెట్టిన కొత్త పార్టీ గద్ద గుర్తు కింద వస్తుంది, కోర్టు ఒప్పుకుంటే, అంటాడు. డీకన్ మాట నమ్ముదామంటే, మూడేళ్ళ కిందట ఓటు హక్కు ఊరేగింపు వాళ్ళు నీళ్ళడిగితే చర్చికి తాళం వేసుకున్నది ఈయనే. ఇప్పుడింత ధైర్యం ఎక్కడినుంచి వచ్చింది?

ఓటు నమోదు చేయించుకున్నందుకు అప్పట్లో ఎంతమందిని ఇళ్ళలోంచి వెళ్ళగొట్టి గుడారాల పాలు చేశారో నీకు తెలుసు. మనం ఉన్న ఇల్లు దొరదే. అమ్మకిది జీవితంలో మొదటిసారి. తప్పు పక్షి కింద గీస్తే సిగ్గుతో చస్తాం, ఒప్పు పక్షి కింద గీసి దొరకి తెలిస్తే చలికాలంలో రోడ్డు మీదుంటాం. యూనియన్‌లో తిరిగినవాడివి, ఏది నిజమో నువ్వు చెప్పు.

మీ అక్క
జిపోరా


డిట్రాయిట్
సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరం భోజనాల వేళ చదివి నవ్వుకున్నాను. కోపం తెచ్చుకోకు. మీరక్కడ నీడని చూసినా పామనుకుంటారు.

డెమోక్రాట్ అంటే డిట్రాయిట్‌లో అయినా అలబామాలో అయినా డెమోక్రాటే. ఇరవై ఏళ్ళుగా ఒకే గీత గీస్తున్నాను, నా చెయ్యి పుచ్చిపోలేదు. దేశమంతా ఒకటే పార్టీ, ఒకటే అభ్యర్థి. మధ్యలో ఈ గద్ద ఎక్కడినుంచి దిగింది? మన ఓట్లు చీలిస్తే ఎవరికి లాభం? డీకన్ వెనక ఎవరున్నారో ముందు అది కనుక్కో. అవసరమైనప్పుడు తలుపు వేసుకున్నవాడు ఇప్పుడు తెరిచాడంటే ఎవరో తోసుంటారు.

నా మాటే కాదు, మా కాజ్‌ని కూడా అడిగాను. కాజ్ గురించి రాశాను కదా, పోలండు వాళ్ళ అబ్బాయి, లైను మీద నా పక్కనే తలుపులు బిగిస్తాడు. సమ్మె రోజుల్లో ఒకే పీపా మంట దగ్గర చలి కాచుకున్నాం. మా యూనియన్ ఎన్నికల కమిటీ పని చూసేది అతనే. అమ్మ సంగతి చెబితే క్షణం కూడా ఆలోచించకుండా, "పుంజు కింద గీసెయ్యమను, ఇంకేం చూడనక్కర్లేదు" అన్నాడు. దొర కూడా అదే చెప్పాడంటే ఒక్కసారన్నా నిజం చెప్పాడనుకో.

అమ్మకి వేరే కాగితం మీద రాసి ఇందులోనే పెడుతున్నాను. ఉన్నదున్నట్టు చదివి వినిపించు. నీ సందేహాలు కలపకు.

థియోటిస్


మారెల్ క్రాసింగ్
అక్టోబరు

తమ్ముడూ,

ఉన్నదున్నట్టే చదివాను. అమ్మ రెండుసార్లు చదివించుకుంది. "నేను గీసిన చోటే నువ్వూ గీయి, అమ్మా" అన్న చోట మూడోసారి చదవమంది. ఆ కాగితం బైబిల్లో పెట్టుకుంది. నీకిక తృప్తే కదా.

నాకు మాత్రం తృప్తి లేదు. టార్వర్ దొర, నువ్వు, మీ కాజ్, ముగ్గురూ ఒకే మాట మీదున్నారు. ఆ దొరకీ మన ఇంటికీ మన తాత నాటి నుంచి ఒక్క విషయంలో మాట కలవలేదు. ఇప్పుడు కలిసిందంటే నాకు భయమేస్తోంది. ఇంకో సంగతి. పుంజు మా రాష్ట్రపు పార్టీ గుర్తు. మీ దగ్గర పుంజు లేదు కదా? డిట్రాయిట్‌లో తలుపులు బిగించే పోలండు అబ్బాయికి అలబామా పుంజుతో పరిచయమెక్కడిది? నువ్వే చెప్పావా, అతనే అన్నాడా? గుర్తు తెచ్చుకుని రాయి.

నీకు డెమోక్రాట్ అంటే యూనియన్, జీతం, పెన్షను. మాకు డెమోక్రాట్ అంటే షెరీఫు, షెరీఫు బావమరిది, వాళ్ళ కుక్క. తాత చచ్చేదాకా లింకన్ పార్టీ, రిపబ్లికన్లు అని కలవరించాడు, ఒక్కసారి కూడా ఓటు వెయ్యకుండానే పోయాడు. ఆ పార్టీ ఇప్పుడు మన మొహం చూడటం లేదు. రెండేళ్ళ కిందటి దాకా పుంజు నెత్తిన ఏమని రాసుండేదో మర్చిపోయావా? తెల్లజాతిదే పెత్తనం అని. ఊరొదిలి పోయి పాతికేళ్ళయితే కోడి కూత కూడా పాటలా వినపడుతుంది కాబోలు.

డీకన్ని నిలదీశాను. ఇక్కడి పుంజు పార్టీ పెద్దలు రాష్ట్రం తరఫున అధ్యక్షుడికి వేసే తమ ఓట్లన్నీ మాజీ గవర్నరుకే రాసిస్తామని మాటిచ్చేశారట. అందరికీ తెలిసిన విషయమే అంటాడు. ఆ రోజు చర్చికి తాళమెందుకు వేశావని అడిగితే, భయమేసింది, అన్నాడు. అంతే, ఇంకేం సంజాయిషీ చెప్పలేదు. అది విన్నాక కాస్త నమ్మబుద్ధేసింది.

ఇకమీదట నీ ఉత్తరాలు దొర కొట్టుకి రాయకు. టౌన్‌లో డీకన్ వాళ్ళ చెల్లెలి చిరునామా వెనక రాస్తున్నాను. ఆయన తెచ్చిస్తాడు.

జిపోరా


డిట్రాయిట్
అక్టోబరు

అక్కా,

నా ఉత్తరాలు డీకన్ చేతి మీదుగా రావాలా? దొర జిగురు రెండు వరసలు పూస్తాడని అనుమానం, డీకన్ పూయడని నమ్మకం. ఆయన పెళ్ళాం పోయి రెండేళ్ళయిందని విన్నాను. బుధవారం సభలకి నువ్వు ఏ గౌను వేసుకుని వెళ్తున్నావో కూడా రాయి మరి.

కాజ్ మీద నిఘా పెట్టమంటున్నావు. అతనే అన్నాడు, పుంజు అని. నేను గుర్తేమిటో చెప్పలేదు, అమ్మ డెమోక్రాట్లకి వెయ్యాలంటోంది, చదువు రాదు అని మాత్రమే అన్నాను. అయితే ఏమిటి? కమిటీలో ఉన్నవాడు, అన్ని రాష్ట్రాల సంగతులూ చదువుతాడు.

నువ్వడిగావు కాబట్టి దాచను. ఫ్యాక్టరీ మరుగుదొడ్ల గోడల మీద మీ మాజీ గవర్నరు బొమ్మలు వెలుస్తున్నాయి. టెనెస్సీ, కెంటకీ నుంచి వచ్చినవాళ్ళ పనే అనుకున్నాం. వాళ్ళు మనలాగే బస్సెక్కి వచ్చారు, మూటలో ఏం కట్టుకొచ్చారో వాళ్ళకే తెలియాలి. కాజ్ అలాంటివాడు కాదు. వాళ్ళింటికి నేను వెళ్ళలేదు, నిజమే. ఊరి బయట కొత్త ఇళ్ళలో ఉంటాడు, అక్కడ మనవాళ్ళకి ఇళ్ళమ్మరు. కిందటేడు అల్లర్లలో మా వీధి తగలబడిన తర్వాత అతను మా ఇంటికి రావడం మానేశాడు. దారి దూరమని చెప్పాడు.

నువ్విలా రాస్తుంటే పక్కన నిలబడ్డ మనిషిని తిన్నగా చూడలేకపోతున్నాను. ఇక ఈ సంగతి ఎత్తకు.

థియోటిస్


మారెల్ క్రాసింగ్
అక్టోబరు

ఒరే తమ్ముడూ,

నేను ఏ గౌను వేసుకున్నా దానికి అతుకులు వేసింది నేనే. డీకన్ గురించి ఇంకోసారి ఆ కూత కూశావంటే ఉత్తరానికి బదులు నేనే వస్తాను.

కోర్టు ఒప్పుకుంది. గద్ద ఓటు కాగితం మీదికి వచ్చేసింది. ఇదివరకు టోపీ తీసిన దొర మళ్ళీ వచ్చాడు, ఈసారి టోపీ తియ్యలేదు. ఓటు వేసేచోట బల్ల దగ్గర దొరసాని కూర్చుంటుందట, చదువు రానివాళ్ళ చెయ్యి పట్టుకుని సాయం చేస్తుందట. "భయపడాల్సిందేం లేదు, ఆంటీ లుడీ" అన్నాడు. మిసెస్ బ్రాస్‌వెల్ నెల రోజులు కూడా బతకలేదు పాపం.

చదువు రానివాళ్ళకి తోడు వెళ్ళే హక్కు నాకూ ఉందని డీకన్ అంటాడు. కానీ అమ్మ నన్ను తోడు రమ్మనడం లేదు. అమ్మ అసలు ఈ మాటే ఎత్తడం లేదు. పొయ్యి దగ్గర కూర్చుని పిండి సంచి కాగితం మీద బొగ్గుతో ఇంటూ గీతలు గీస్తోంది. వంకర పోతే కోప్పడి మళ్ళీ గీస్తోంది. నిన్న బఠానీలు ఒలుస్తూ ఉన్నట్టుండి అడిగింది, పుంజు నెత్తి మీద ఆ మాటలు ఇంకా ఉన్నాయా అని. తీసేశారని చెప్పాను. "మాటలు చెరిపేస్తే పక్షి మారిపోద్దా?" అంది. సరే, దారికి వచ్చిందనుకున్నాను. మళ్ళీ వెంటనే, "అయినా వాడు రాశాడు గదా" అంది.

నా మాటకి ఈ ఇంట్లో కాణీ విలువ లేదని నీకు తెలుసు. ఇక్కడుండి నీళ్ళు మోసేది నేను, నమ్మకం మాత్రం నీ మీద. నాకది గుచ్చుకుంటుంది, దాచుకోవడమెందుకు. కాజ్‌ని తిన్నగా అడుగు. మొహంలోకి చూసి అడుగు. అడగడానికి భయమైతే నీకూ అనుమానం ఉన్నట్టే.

జిపోరా


డిట్రాయిట్
అక్టోబరు చివర

అక్కా,

నువ్వన్నదే నిజం.

ఆదివారం యూనియన్ హాల్లో మీటింగు. ఎవరికి మద్దతివ్వాలో చేతులెత్తమన్నారు. ఉపాధ్యక్షుడి పేరు చదివితే మా నల్లవాళ్ళ వరసలు, కొందరు పాతకాపులు ఎత్తారు. మాజీ గవర్నరు పేరు చదివితే హాలు సగం లేచింది. టెనెస్సీ వాళ్ళు సరే. జన్మలో అలబామా మొహం చూడనివాళ్ళు లేచారు. నాతో చలి కాచుకున్న చేతులు లేచాయి. కాజ్ ఎత్తడమే కాదు, లెక్క పెట్టించాడు.

బయట పట్టుకుని అడిగాను, పుంజు సంగతి నీకెలా తెలుసని. మాజీ గవర్నరు ప్రచారం మనుషులు అలబామా నుంచి వచ్చి కరపత్రాలు పంచారట, వాటి మీద చూశాడట. మరి మా అమ్మకి ఎందుకలా చెప్పావన్నాను. తల దించుకుంటాడనుకున్నాను. నవ్వాడు. "మీ అమ్మ డెమోక్రాట్‌కి వెయ్యాలంటోందని నువ్వేగా అన్నావ్. ఎట్లా వెయ్యాలో చెప్పాను. నీ మీద నాకేం లేదురా థియో, మీవాళ్ళు మా వీధిలోకి రాకుండా ఉంటే చాలు." ఇంత మాట మామూలు గొంతుతో అన్నాడు. మర్నాడు పొద్దున్న ఎప్పట్లాగే నాకు కాఫీ అందించాడు. నేను తీసుకోలేదు. తర్వాత రోజంతా ఇంకా ఎవరెవరు చెయ్యెత్తారా అని ఒక్కొక్క మొహమే చూస్తూ గడిపాను. పని సరిగ్గా సాగలేదు.

అమ్మ పుంజు కింద గీయకూడదు. గద్ద కింద గీయాలి. ఫోను చేద్దామంటే దొర కొట్లో తప్ప ఫోను లేదు. టెలిగ్రాం ఇస్తే స్టేషన్ గుమాస్తా ముందు దొరకి చదివి వినిపిస్తాడు. అందుకే డీకన్ చెల్లెలి చిరునామాకే పంపిస్తున్నాను. ఆయన గురించి అన్న మాటకి క్షమించు.

అమ్మకి వేరే కాగితం పెట్టాను. రూల్సు మారాయి, కాబట్టి గద్ద అని మాత్రం రాశాను. కాజ్ సంగతి చెప్పకు. పాతికేళ్ళు ఊరు దాటి ఉండి ఒక తెల్లవాడి మాటకి మోసపోయానని అమ్మకి తెలియడం నాకిష్టం లేదు. ఎవరికి గీసిందో తెలిసిన వెంటనే రాయి. నాకు నిద్ర లేదు.

థియోటిస్


మారెల్ క్రాసింగ్
నవంబరు, 1968

థియోటిస్,

అడిగావు కాబట్టి అన్నీ వరసగా రాస్తాను.

నీ ఉత్తరం ఓటుకి ముందురోజు సాయంత్రం అందింది. డీకన్ దాదాపు పరిగెత్తుకుంటూ తెచ్చాడు. అమ్మని కూర్చోబెట్టి చదివాను. పూర్తయ్యాక అమ్మ చెయ్యి చాచింది. కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పింది, మొదటి కాగితం బైబిల్లోంచి తీసి దాని పక్కన పెట్టింది. రూల్సు ఎందుకు మారాయని అడిగింది. నీ మాట నిలబెడదామని, తెలియదన్నాను. ఇదెవరు తెచ్చారంది. డీకన్ అన్నాను. మొదటిదెక్కడ్నుంచి వచ్చిందంది. దొర కొట్లోంచి అన్నాను. రెండు కాగితాలూ కలిపి మడిచింది. తర్వాత అన్న మాట ఇది:

"రెండూ చదివింది నువ్వే గదే. మొదటిది చదివేటప్పుడు నీ గొంతులో ఇష్టం లేదు. ఇది చదువుతుంటే సంబరం దాగట్లేదు. మా అబ్బాయి గొంతు మాత్రం నాకు రెండిట్లోనూ వినపళ్ళేదు."

నేను అబద్ధం చదివాననుకుంది, తమ్ముడూ. ఇన్నేళ్ళు ఆవిడ కాళ్ళు పట్టిన కూతురు, తనకి కావలసిన పక్షిని నీ నోట్లో పెట్టి కూయించిందనుకుంది. ఇంకెవరితోనైనా చదివించమన్నాను. ఎవరితో? చదువొచ్చినవాళ్ళలో నడిచి వెళ్ళగలిగిన దూరంలో ఉన్నది ఇద్దరే. డీకన్‌ది గద్ద. దొరసానిది పుంజు. ఇద్దరి దగ్గరికీ వెళ్ళనంది. అప్పుడు నీ పరువు చూసుకోకుండా కాజ్ కథంతా చెప్పేశాను. అమ్మ శ్రద్ధగా వింది. "అంత జరిగితే వాడు రాయడా?" అంది. కారణం నువ్వు రాయలేదు కాబట్టి నా నోట అది కట్టుకథ అయింది. నీ సిగ్గు నువ్వు దాచుకున్నావు, దాని ఖరీదు నాకు పడింది. ఇది నేనిప్పట్లో మర్చిపోను.

పొద్దున్నే, చర్చికి పెట్టుకునే ఆదివారం టోపీ పెట్టుకుంది. ఓటు వేసేది పాత బడిలో. మనవాళ్ళు రోడ్డు దాకా బారు తీరి ఉన్నారు. బల్ల దగ్గర దొరసాని లేచి, రా ఆంటీ, అని చెయ్యి పట్టుకోబోయింది. ఇటు నుంచి నేనూ ముందుకెళ్ళాను. అమ్మ చేతికర్ర రెండు వైపులా ఒకసారి తిప్పింది. "నా గీత నేనే గీసుకుంటా" అంది. అంత గట్టిగా అమ్మ తెల్లవాళ్ళ ముందు మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. తెర వెనక్కి వెళ్ళింది. ఎంతకీ రాకపోతే దొరసాని వాచీ చూసుకోవడం మొదలుపెట్టింది. చివరికి బయటికొచ్చి కాగితం మడిచి పెట్టెలో వేసి, నాకేసి చూడకుండా మెట్లు దిగింది.

రాష్ట్రం మాజీ గవర్నరుకి పోయింది, అది అందరూ అనుకున్నదే. దేశమేమో మనం ఒక్క ఉత్తరంలో కూడా తలవని మూడోవాడికి, ఆ లింకన్ పార్టీ మనిషికి, పోయింది. మీ డిట్రాయిట్ చుట్టుపక్కల కొత్త ఇళ్ళలో మాజీ గవర్నరుకి ఎన్ని పడ్డాయో నువ్వే రాయాలి.

మర్నాడు దొర ట్రక్కు ఆపి హారన్ కొట్టాడు. పుంజు కిందే గీశావా అని అడిగాడు. మీరు చెప్పినట్టే చేశానండి దొరగారూ, అంది అమ్మ. ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు, వెళ్ళిపోయాడు. ఆదివారం చర్చి బయట డీకన్ నెమ్మదిగా అడిగాడు. మీరు చెప్పినట్టే చేశా డీకన్‌గారూ, అంది అమ్మ. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇద్దరికీ ఒకటే మొహంతో చెప్పింది. పక్కనుండి రెండుసార్లూ చూసిన నాకు ఏది నిజమో అంతుపట్టలేదు.

ఇంటికొచ్చాక అడిగేశాను. కోపంగానే అడిగాను, ఏడుస్తూ అడిగాను. నేను అబద్ధం చదవలేదమ్మా, ఒట్టు, అన్నాను. అమ్మ నా తల తన ఒళ్ళోకి లాక్కుంది, జుట్టు నిమిరింది. కాసేపటికి తమ్ముడికి ఉత్తరం రాయమంది. కలం తీశాను.

"వాడు చెప్పినట్టే చేశానని రాయి" అంది.

"ఏ ఉత్తరంలో చెప్పినట్టమ్మా?" అన్నాను.

"ముందు రాయవే. రాసింది నాకు చదివి వినిపించు" అంది.

రాశాను. చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని నా గొంతే వింటూ కూర్చుంది.

అక్క
జిపోరా